పడమటికి నడిచే పసుపు

మర్రిగూడ చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, బోనాలయినా చెవులు పగిలిపోవాలి. పగలకపోతే పెళ్ళి చేసినవాడు పిసినారి, చచ్చినవాడు దిక్కులేనివాడు, దేవుడు చెవిటివాడు. ఈ నమ్మకం మీద బతికిన మనిషి గిరి. అతని దగ్గర ఒక డీజే సెట్టు ఉండేది. మనిషెత్తు బేస్ బాక్సులు, వాటి మీద టాపులు, రెండు ఆంప్లిఫయర్లు, దగ్గుతూ నడిచే జనరేటరు, వీటన్నిటినీ మోసే పాత ట్రాలీ ఆటో. జనం అతన్ని డీజే గిరి అనేవాళ్ళు. జనాన్ని అతను ఏమనేవాడో పైకి వినిపించేది కాదు గానీ, ముఖం చూస్తే తెలిసిపోయేది.

తెలంగాణ వచ్చిన ఏడాదే గిరి ఇంటర్ తప్పాడు. ఊరంతా గులాల్ చల్లుకుని ఎగురుతుంటే అతను అరుగు మీద కూర్చుని, చెప్పేవాడే లేని ఫిజిక్సులో తాను ఎలా పాసవుతానని అనుకున్నాడో ఆలోచించాడు. కొత్త రాష్ట్రంలో చదివినవాళ్ళందరికీ కొలువులొస్తాయని మైకుల్లో చెప్పిన నోళ్ళే తర్వాత కులవృత్తి చేసుకోండి, దాంట్లోనే గౌరవం ఉందని చెప్పాయి. గిరి వాళ్ళది కురుమల ఇల్లు. కులవృత్తి అంటే గొర్లు. గొర్ల వెనక తల్లి గోపమ్మ ఉంది. నాలుగెకరాల ఎర్రచేనులో పత్తి వెనక అన్న మల్లేష్ ఉన్నాడు. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇద్దరి వెనకా నిలబడటం ఇష్టం లేక గిరి చప్పుడు వెనక పడ్డాడు.

మొదట అది పొట్టకూడే. చప్పుడంటే అతనికి ఇష్టమేమీ లేదు. తిరుమలగిరిలో ఒక పెళ్ళి బారాతులో, ఎవడో తాగినవాడు పేలాల ప్లేటు తెచ్చి బేస్ బాక్సు మీద పెట్టి మరిచిపోయాడు. పాట మోగుతుంటే పేలాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది అందరికీ తెలిసిన సంగతే, దాన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వారు. కానీ పాటలో ఒక సన్నాయి బిట్టు దగ్గర, ఎవరో చేత్తో సర్దినట్టు, పేలాలన్నీ ప్లేటు అంచున ఒక గీతలో నిలబడ్డాయి. పాట మారితే గీత చెదిరింది. గిరి ఆ బిట్టు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గీత. మూడోసారి పెట్టబోతే పెళ్ళికొడుకు బావమరిది వచ్చి గల్లా పట్టుకున్నాడు.

"ఏం రా, ఒక్క పాటే ఉన్నదా నీ తాన? కొత్తది పెట్టు."

గిరి కొత్తది పెట్టాడు. కానీ ఆ గీత బుర్రలో ఉండిపోయింది. కాలేజీలో ఎవరూ చెప్పని ఫిజిక్సు అప్పుడు చదివాడు. ఫోన్లో చదివాడు. నల్లగొండలో తుక్కు కాగితాల కొట్టుకు పోయి, కాటా మీదికి ఎక్కబోతున్న పాత పుస్తకాలను లాక్కుని చదివాడు. సగం ఇంగ్లిషు అర్థం కాదు, అర్థం కానప్పుడల్లా రాసినవాణ్ణి తిట్టేవాడు. అర్థమైనప్పుడు తన ఊరివాళ్ళను తిట్టేవాడు. ఇంత సంగతి లోకంలో ఉండగా వీళ్ళకు పట్టిందల్లా బాక్సు ఎంత ఎత్తుందన్నదే కదా అని.

అతనికి తెలిసిందేమిటంటే, చప్పుడు ఒక తోపుడు. గాలిలో నడిచే తోపుడు. ఎదురెదురుగా రెండు వైపుల నుంచి ఒకే తీరు చప్పుడు వస్తే, మధ్యలో కొన్ని చోట్ల రెండు తోపుళ్ళూ సరిపోయి నిలకడ వస్తుంది. తేలికైన గింజను అక్కడ వదిలితే కింద పడదు, పైకి పోదు, అక్కడే ఉంటుంది. దీన్ని చూడాలనుకున్నాడు. నార్కట్‌పల్లి తుక్కు దుకాణాల్లో, వెనక్కి తీసేటప్పుడు కుయ్యికుయ్యిమనే కార్ల సెన్సర్లు ఏరుకొచ్చాడు. అవి సరిగ్గా పనిచేయకపోతే హైదరాబాదు పోయి కోఠి సందుల్లో వెతికి, గుండీలంత వెండిరంగు సెన్సర్లు తెచ్చాడు. రెండు స్టీలు గిన్నెల లోపల వాటిని అతికించి, గిన్నెలను బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి ఎదురెదురుగా బిగించాడు. ఒక పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం అతని సంపాదన ఆ గిన్నెల్లోకే పోయింది. చివరికి ఒక మధ్యాహ్నం, ఆవగింజంత థర్మోకోల్ పూసను చిమటాతో పట్టుకుని గిన్నెల మధ్య వదిలితే అది గాలిలో ఆగింది.

ఇంట్లోవాళ్ళను పిలిచాడు. మల్లేష్ వంగి చూశాడు. అతని భార్య నాగరాణి చేట చేతిలో పట్టుకునే వచ్చింది.

"గిదేంది?" అన్నాడు మల్లేష్.

"చప్పుడు అన్నా. చప్పుడు మీద నిలవడ్డది."

"యాడుంది చప్పుడు? నాకినవడ్తలేదు."

"మన చెవులకు ఇనవడది. గంత సన్నది."

"ఇనవడని చప్పుడు చేసేతందుకు మూన్నెల్లు కూసున్నవా?" మల్లేష్ నడుము మీద చెయ్యి వేసుకుని లేచాడు. "ఇనవడేదాని కిరాయే సక్కగ వసూలు జేయరాదు నీకు."

గిరి ఒక మర తిప్పాడు. పూస గాలిలోనే మెల్లగా కిందికి జారింది. వెనక్కి తిప్పితే పైకి ఎక్కింది. పెసరగింజంత దూరానికొక మెట్టు ఉన్నట్టు, ఆ మెట్ల మీద ఆగుతూ ఎక్కింది.

"మందులు తయారు చేసే తాన దీన్ని వాడ్తరు వదినా. చెయ్యి తగలకుండ మందు చుక్కను గాలిల్నే కలుపుతరు."

"మనింట్ల మందు తాగేటోళ్ళే గని చేసేటోళ్ళు లేరు మరిదీ," అని నాగరాణి మొగుడి వైపు ఒక చూపు విసిరి చేటతో చెరుగుకోవడానికి పోయింది.

గోపమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడింది. మంద కాసే కుక్క ఆమె కాళ్ళ దగ్గర ఉండాల్సింది, మూలుగుతూ వాకిట్లోకి పోయి ఒకటే గిరగిరా తిరుగుతోంది.

"దానికి ఇనవడ్తదమ్మా," అన్నాడు గిరి. "కుక్క చెవులు మనకంటె పదును."

"మనిషికి ఇనవడక కుక్కకు ఇనవడేది దేవుడన్న గావాలె, దయ్యమన్న గావాలె," అంది గోపమ్మ. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా చెప్పులు విడిచి వచ్చేది. గిరికి ఒళ్ళు మండేది.

చదువుకున్నవాళ్ళయితే విలువ తెలుస్తుందనుకుని జిల్లా కేంద్రంలో ఒక కాలేజీవాళ్ళు పెట్టిన సైన్సు మేళాకు తీసుకుపోయాడు. అక్కడి పెద్దసారు వచ్చి, పూస పైనా కిందా వేలు తిప్పి చూశాడు. దారం కోసం. దారం దొరక్కపోయేసరికి "ఏ కాలేజీ నీది?" అన్నాడు. ఏ కాలేజీ కాదన్నాక గిన్నెలను తీసుకుపోయి తలుపు వెనక బల్ల మీద పెట్టించాడు. బేకింగ్ సోడాతో నురగ కక్కే అగ్నిపర్వతానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు నుంచి గిరి తిట్టే జాబితాలో ఊరివాళ్ళతో పాటు సార్లు కూడా చేరారు.

ఇంతవరకూ గిరి ఏం చూపించినా ఎవరి బతుకులోనూ వెంట్రుక కూడా కదల్లేదు. బోరు సంగతి వచ్చేదాకా.

ఆ ఊళ్ళో బోరు వేయాలంటే కురుమయ్యను పిలవాలి. కురుమయ్య గోపమ్మకు తమ్ముడు, గిరికి మేనమామ. కురుమల దేవుడు బీరప్పకు పూజారి. నీళ్ళ జాడ చెప్పడానికి అతనికొక పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఇంకే ఊరి కురుమలకూ లేదు, అతని తాత మొదలుపెట్టాడట. తానం చేసి, గొంగడి కప్పుకుని చేను నడుమ తూర్పుకు తిరిగి కూర్చుంటాడు. దేవుని డోలును ఎదురుగా నిలబెట్టి, పైనున్న తోలు మీద పిడికెడు పసుపు చల్లుతాడు. పసుపును వాళ్ళు బండారి అంటారు. ఆ డోలును ఎవరూ ముట్టుకోరు. చుట్టూ నలుగురు నిలబడి వేరే డోళ్ళు వాయిస్తారు. ఆ చప్పుడుకు దేవుని డోలు తోలు తనంతట తాను వణుకుతుంది, బండారి మెల్లగా కదిలి ఒక పక్కకు పోయి కుప్ప పడుతుంది. ఎటు పడితే అటు గట్టు దాకా నడిచి అక్కడ బోరు వేయాలి. బండారి డోలు మీద నిలవక నేల మీద పడితే ఆ చేనులో నీళ్ళే లేవని లెక్క. అలా పడగా చూసినవాడు మాత్రం ఊళ్ళో ఒక్కడూ లేడు.

నీళ్ళు పడితే బీరప్ప మహిమ. పడకపోతే ఇంట్లో ఎవరికో మైల, లేకపోతే బోరు బండివాడు ఇంకో రెండు పైపులు దించి ఉంటే పడేవే. ఊరి చుట్టూ చేలల్లో ఎండిన బోర్ల కేసింగు పైపులు, మూతికి రాయి పెట్టుకుని నిలబడి ఉండేవి. నీళ్ళు పడ్డ చోట కూడా ఆ ఫ్లోరైడు నీళ్ళు తాగి ఊరిలో సగం మంది నడుములు వంగాయి, గోపమ్మది కూడా. నల్లా నీళ్ళు వచ్చాక తాగడానికి బాధ తప్పింది గానీ, చేనుకు నల్లా ఎవరిస్తారు?

మల్లేష్‌కు బత్తాయి తోట మీద మనసు పడింది. తోటకు బోరు కావాలి. బోరుకు పెట్టుబడి కావాలి. ఇంట్లో అమ్మదగినది తల్లి మంద ఒక్కటే.

"సగం మంద అమ్ముదాం," అన్నాడు ఒకరోజు అన్నం దగ్గర. "మామ వచ్చి జాగా చెప్తడు. నీళ్ళు పడ్డంక మళ్ళ కొనుక్కుందాం."

గోపమ్మ ముద్ద నమలడం ఆపింది. ఆ మంద ఆమెకు తిండి ఒక్కటే కాదు. గొర్ల వెనక నడిచినంతసేపే ఆమె మనిషిలా నడిచేది. వానకు ఇంట్లో ఉన్న రోజు మంచం దిగలేక పిల్లలను పిలిచేది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె మూడోనాడే గొర్లను తోలుకుపోయింది. అంతా చూసినవాడు గిరి. ఆ సగం మంద పోతే మిగతా సగం ఎన్నాళ్ళుంటుందో, మంద పోయాక అమ్మ ఎన్నాళ్ళుంటుందో అతనికి బాగా తెలుసు.

"నువ్వేమంటవ్ అమ్మా?" అన్నాడు.

"నేననేదేమున్నది బిడ్డా? తమ్ముడొచ్చి బండారి ఏస్తడు. దేవుడు నీళ్ళున్నయంటే మందనిచ్చుడే. అడిగినంక దాసుకుంటమా?"

గిరికి కంచం విసిరేయాలనిపించింది. విసరలేదు, అందులో మాంసం ఉంది.

ఆ వారమే ఒక పెళ్ళి సామానుతో ట్రాలీ మీద, బాక్సుల పైన కూర్చుని వస్తున్నాడు. అంత ఎత్తు నుంచి చేలు చూసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ ఉండరు. అప్పుడు కనిపించింది. చచ్చిన బోర్లు, బతికున్న బోర్లు, అన్నీ చేలకు పడమటి మూలనే ఉన్నాయి. కురుమయ్య చెప్పిన ప్రతి బోరూ పడమటి గట్టు మీదే. ఇన్నేళ్ళుగా భూమిలోని నీళ్ళన్నీ ప్రతివాడి చేనులోనూ పడమటికే ఎందుకు పోతాయని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. గిరి బాక్సుల మీద కూర్చుని పకపకా నవ్వాడు. డ్రైవరు హనుమంతు భయపడి బండి ఆపాడు.

మరునాడు మామ ఇంటికి పోయి డోలును చూశాడు. గుట్టు అంతా తాళ్ళలో ఉంది. కురుమయ్య డోలు బిగించేటప్పుడు దాన్ని ఒడిలో పెట్టుకుని, చుట్టూ తాడు లాక్కుంటూ వచ్చి ఆఖరి ముడి తన పొట్ట దగ్గర వేస్తాడు. అక్కడికి వచ్చేసరికి ముసలి చేతుల్లో బలం అయిపోతుంది. ముడి ఉన్న పక్క తోలు కాస్త వదులు. వదులుగా ఉన్న పక్క తోలు ఎక్కువ ఊగుతుంది. ఇసుకలాంటి బరక గింజలైతే ఊగని చోటికి పారిపోతాయి, పసుపులాంటి మెత్తటి పొడి మాత్రం ఊగే చోటికే పోయి కుప్ప పడుతుంది. డోలును నేల మీద పెట్టినప్పుడు, ముడి సడలితే లాగడానికి వీలుగా దాన్ని తనవైపే ఉంచుకుంటాడు. తూర్పుకు తిరిగి కూర్చున్నవాడి వైపు అంటే పడమర. ఇంతే. మూడు తరాల దైవవాక్కు ఒక వదులు ముడి.

మామ మోసగాడు కాదని కూడా గిరికి తెలిసింది. మోసగాడైతే బాగుండేది, తన్ని ఒప్పించవచ్చు. నమ్మేవాణ్ణి ఏం చేయగలం?

కురుమయ్య చేనుకు వచ్చిన రోజు పొద్దున్నే ఊరు సగం గట్ల మీద చేరింది. పక్క చేను కాటమయ్య అందరికంటే ముందున్నాడు. మూడు బోర్లు ఎండి, నాలుగోదానికి తయారుగా ఉన్న మనిషి అతను. డోళ్ళు మోగాయి, దేవుని డోలు వణికింది, బండారి నడిచి నడిచి పడమటికి పోయి కుప్ప పడింది. జనం "బీరప్పా!" అన్నారు. మల్లేష్ అప్పుడే పడమటి గట్టు వైపు చూస్తున్నాడు.

గిరి నడుమకు వచ్చాడు.

"మామా, ఒక్కపారి డోలు తిప్పుత."

"తిప్పుడేంది అల్లుడా? గది దేవుడు కూసున్న పీట."

"పీట తిప్పితే దేవుడు పడ్తడా?"

గట్టు మీద నుంచి కాటమయ్య అరిచాడు. "తిప్పనియ్యి బావా! పోరడు సదువుకుంటాండు గద, సూద్దాం."

కురుమయ్య కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని తల ఊపాడు. గిరి డోలును తిప్పి ముడిని తూర్పుకు పెట్టాడు. పసుపు చల్లాడు. "వాయించుండ్రి" అన్నాడు. డోళ్ళు మోగాయి. బండారి కదిలింది. మెల్లగా తూర్పుకు పోయి కుప్ప పడింది.

గిరి గుండె పొంగింది. అతని బతుకులో అదే మొదటిసారి, చప్పుడు లేకుండా ఇంతమంది అతని వైపు చూడటం.

"సూసిండ్రా? ముడి ఎటుంటే అటు పోతది. తోలు వదులున్న దిక్కు పోతది. దీనికి భూమిల నీళ్ళకు సంబంధం లేదు. ఊళ్ళె బోర్లన్ని పడమటికే ఎందుకున్నయ్? ముడి పడమటికుంది గావట్టి!"

జనం ఆలోచించారు. వాళ్ళు ఆలోచిస్తే ఏమవుతుందో గిరి ముందే ఊహించవలసింది. మొదట నోరు తెరిచినవాడు కాటమయ్య.

"అంటే తూర్పుకు గూడ ఉన్నయన్నట్టు."

"ఆఁ?" అన్నాడు గిరి.

"పడమటికి చెప్పిండు, తూర్పుకు గూడ చెప్పిండు. రెండు జలలున్నయ్ రా మల్లేశా! అదృష్టవంతునివి. మాకు ఒక్కటే చెప్పె."

కురుమయ్య కళ్ళు తెరిచాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "మా తాత నాడు గూడ గిట్ల రెండు దిక్కులు చెప్పలేదు. గీ చేనుకు రెండు కండ్లున్నయ్."

"నాలుగు దిక్కులు తిప్పితే నాలుగు దిక్కులు పోతది!" గిరి గొంతు చించుకున్నాడు.

"నాలుగు బోర్లు వేసే తాహతు మీ అన్నకేడిది రా?" అన్నాడు కాటమయ్య జాలిగా. "రెండు సాలు."

మల్లేష్ తమ్ముడి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంత ప్రేమగా వేసింది లేదు. "మంచి పని జేసినవ్ తమ్మీ. నువ్వు తిప్పకుంటే తూర్పుది తెల్వకపోవు." తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఇగ సగం గాదు. మొత్తం అమ్ముదాం. రెండు బోర్లు ఒక్కపారే దించుదాం," అన్నాడు.

గోపమ్మ తల ఊపింది. కొంగు నడుముకు చుట్టుకుని, గట్టు దిగి, మంద ఉన్న వైపు పోయింది.

గిరికి ఆ రోజంతా అన్నం దిగలేదు. తన సైన్సు తన తల్లి మంద మొత్తాన్ని అమ్మకానికి పెట్టింది. ఊరివాళ్ళు మూర్ఖులని ఇన్నేళ్ళుగా తిడుతూ, ఆ మూర్ఖత్వానికి ఎంత ఓపిక ఉంటుందో మాత్రం తెలుసుకోలేకపోయాడు. అయినా బుద్ధి రాలేదు. చిన్న రుజువు చాలలేదు గనుక పెద్ద రుజువు చూపిస్తే సరిపోతుందనుకున్నాడు. చప్పుడు నడిపేవాళ్ళందరికీ ఉండే జబ్బే ఇది. వినకపోతే వాల్యూం పెంచుతారు.

గొర్ల బేరగాడు వచ్చే రోజున ట్రాలీ తీసుకుని చేనుకు పోయాడు. జనరేటరు వేశాడు. బేస్ బాక్సును వెల్లకిలా పడుకోబెట్టి, మామను బతిమాలి తెచ్చిన డోలును దాని మీద నిలబెట్టాడు. ఫోను ఆంప్లిఫయరుకు తగిలించి, కావలసిన స్వరాన్ని కావలసినంత సన్నగా, లావుగా మోగించే ఏర్పాటు చేశాడు. కురుమయ్య వచ్చాడు, మల్లేష్, నాగరాణి వచ్చారు, కాటమయ్య వచ్చాడు, జనం వచ్చారు. కింద పడమటి గట్టు అవతల గోపమ్మ మంద ఆపుకుని నిలబడింది. బేరగాడి మనిషి గొర్ల మధ్య తిరుగుతూ, కొన్న గుర్తుగా వాటి వీపుల మీద ఎర్రరంగు పూస్తున్నాడు.

"ఇప్పుడు సూడుండ్రి," అన్నాడు గిరి. "డోళ్ళు లేవు, దేవుడు లేడు. నేనున్న, నా ఫోనుంది. ఎటు పొమ్మంటే అటు పోతది."

స్వరం మోగింది. తోలు మీది బండారి చిన్న కుప్పలుగా పోగయింది. స్వరం జరిపాడు, కుప్పలు కరిగి ఒక వలయమైంది. ఇంకా జరిపాడు, వలయం విరిగి నాలుగు రేకుల పువ్వయింది. "పడమర," అని మర తిప్పితే పడమటికి పోయింది. డోలు కొంచెం ఒరిగించి "తూర్పు" అంటే తూర్పుకు పోయింది. గిరి చెమటతో తడిసిపోయాడు. ఇంత స్పష్టంగా, ఇంత అందంగా ఏ కాలేజీలోనూ ఎవరూ చూపించి ఉండరు.

"అర్థమైందా? గిది నా చెప్పుచేతులల్ల ఉంటది. దీంట్ల మహిమ లేదు."

ముందు వరసలో ఒక ముసలామె చెప్పులు విడిచింది. పక్కామె విడిచింది. కురుమయ్య లేచి, గొంగడి భుజం మీది నుంచి దించి, మేనల్లుడికి రెండు చేతులూ జోడించాడు.

"నేను మొక్కితె ఒక్క దిక్కు నడిసెటోడు. నువ్వు పిలిస్తె అన్ని దిక్కుల నడుస్తాండు. ఇగ నేనెందుకు అల్లుడా? నువ్వే కూసో."

"మామా, నీకు దండం పెడ్త, జర సమజ్ చేసుకో..."

"అడుగు రా!" మల్లేష్ అరిచాడు. "నీ మాట ఇంటాండు గద, నీళ్ళు ఏ దిక్కున్నయో నువ్వే అడుగు. రెండు బోర్లు ఎయ్యాల్నా, మూడా?"

"అడుగు! అడుగు!" అన్నారు జనం.

గిరికి నోటినిండా బూతులు వచ్చాయి. అందరినీ ఒక్క పెట్టున తిట్టి, డోలును తన్ని పోవాలనుకున్నాడు. తల తిప్పితే గట్టు అవతల గోపమ్మ కనిపించింది. ఒక పొట్టేలును రంగు పూయనీయకుండా కాళ్ళ మధ్య ఇరికించుకుని, బేరగాడి మనిషితో ఏదో చెబుతోంది. వాడు నవ్వుతూ ఆమె మీది నుంచి చెయ్యి చాపి పూశాడు. ఆమె చేతికి కూడా రంగు అంటింది.

గిరి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు, మామ మూసుకున్నట్టే. పెదాలు కదిలించాడు, మామ కదిలించినట్టే. తర్వాత వేలితో వాల్యూం మరను నెమ్మదిగా చివరిదాకా తిప్పాడు.

బాక్సు నేలను గుద్దింది. బండారి తోలు మీద నుంచి పొగలా లేచింది. ఎగిరింది, అంచు దాటింది, ఎర్రమట్టి మీద రాలింది. స్వరం ఆగేసరికి డోలు మీద ఒక్క పిసరు మిగల్లేదు.

అప్పటిదాకా అడుగు, అడుగు అన్న జనం ఎర్రమట్టి మీది పసుపు చుట్టూ చేరారు.

"ఏమన్నడు?" అన్నాడు మల్లేష్.

"సూసినవ్ గద," అన్నాడు గిరి. "లేవన్నడు. గీ భూమిల చుక్క లేదన్నడు."

మల్లేష్ అక్కడే చతికిలబడ్డాడు. నాగరాణి కొంగు నోట్లో పెట్టుకుంది. కురుమయ్య వంగి నేల మీద పడ్డ పసుపును నొసటికి పెట్టుకున్నాడు. బేరం పోయింది. బేరగాడు గిరిని, బీరప్పను కలిపి తిట్టి బండి ఎక్కాడు. వీపుల మీద ఎర్రరంగుతోనే గొర్లు ఇంటికి వచ్చాయి.

తర్వాత జరగవలసిందే జరిగింది. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు, డీజే గిరి గిరిస్వామి అయ్యాడు. పుస్తకాలు చెప్పింది ఎవడూ వినలేదు గానీ, కళ్ళు మూసుకుని చెప్పిన అబద్ధం ఆ ఎండాకాలమంతా నడిచింది. అతను మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవడు వచ్చినా బాక్సు పెట్టాడు, బండారి నేల మీద పోశాడు, లేవన్నాడు. కొందరి గొర్లు, కొందరి భూములు, కొందరి పుస్తెలు అలా నిలబడ్డాయి. తాను వాళ్ళను కాపాడుతున్నానని లోపల మురిసిపోయాడు. కానీ కాపాడబడటానికి వచ్చినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

వానాకాలం మొదట్లో ఊరి హోటలు దగ్గర కాటమయ్య అందరి ముందూ తేల్చేశాడు.

"ఉన్నయనే దేవుడు గావాలె గని లేవనేటోడు మనకెందుకు? లేవని నాకు ముందుగాలే ఎరుక. మూడు బోర్లేసి తెలుసుకున్న."

మరుసటి వారానికే కురుమయ్య కాటమయ్య చేనులో తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. బండారి ఎప్పటిలాగే నడిచింది. గిరి దేవుడు లోభి అనే పేరు ఊళ్ళో స్థిరపడింది. అతని వాకిలి ఖాళీ అయింది, బాక్సులు మళ్ళీ పెళ్ళిళ్ళకు పోయాయి. గోపమ్మ ఒక్కతే ఆదివారం ఆదివారం ఆంప్లిఫయరుకు బొట్టు పెడుతూ ఉండేది. దుమ్ము పడితే చెడిపోతుందని గిరి ఎంత మొత్తుకున్నా ఆపలేదు.

ఒకరోజు ఆ బొట్టు చూసి గిరికి ఇక ఆగబుద్ధి కాలేదు. ఊరు ఎటైనా పోనీ, తల్లికైనా నిజం తెలియాలి. దొడ్లోకి పోయాడు. ఆమె ఒక గొర్రెను పడుకోబెట్టి గిట్టలో ముల్లు తీస్తోంది.

"అమ్మా, గా పొద్దు బండారి కిందపడ్డది దేవుడు పడేసింది గాదు. నేను వాల్యూం పెంచిన. గంతే."

గోపమ్మ తల ఎత్తలేదు. "పెంచితే పెంచినవ్. పెంచాల్నన్న బుద్ధి నీకెవలిచ్చిండు?"

"ఎవలియ్యలేదు. నాకే వచ్చింది."

"వస్తది. నీకన్నీ నీకే వస్తయ్ గద." ముల్లును పళ్ళతో లాగి ఉమ్మేసింది. గొర్రెను వదిలి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గీ ముచ్చట మీ అన్నకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు."

ఆమె కర్ర అందుకుని నోటితో చప్పుడు చేసింది. మంద లేచి ఆమెను చుట్టుకుని దొడ్డి దాటింది. గిరి అక్కడే నిలబడ్డాడు. ఆమె నమ్మిందో, నమ్మలేదో, నమ్మినట్టు నడిచిందో అడుగుదామని వెంట నాలుగడుగులు వేశాడు గానీ, దుమ్ము మొహాన కొట్టేసరికి వెనక్కి తిరిగాడు.

అన్నకు చెప్పలేదు. బండారి నేల మీద పడ్డ చేనులో మళ్ళీ బోరు మాట ఎత్తే ధైర్యం లేక మల్లేష్ ఇప్పటికీ పత్తే వేస్తాడు. వాన సమయానికి పడితే పండుతుంది. పడని ఏడాది, సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, తన నోటికాడి బత్తాయిని లాక్కున్న తమ్ముడి దేవుణ్ణి పేరు పెట్టి తిడతాడు. ఎదురుగా గిరి తల వంచుకుని, ఆ తిట్లలో ఒక్కదానికీ మారు మాట్లాడకుండా తింటాడు.